అప్పనపల్లికి రేసు కారొచ్చింది

ఈ వారం వచ్చిన జాబుల్లో ఒకటి నన్ను ఇరకాటంలో పెట్టింది. రాసింది అమలాపురంలో డిగ్రీ చదువుతున్న ఒక కుర్రాడు. పేరు వెయ్యొద్దన్నాడు, వెయ్యను. "గురువుగారూ! తారక్‌గారికి లాంబోర్గిని ఉంది. ప్రభాస్‌గారికీ లాంబోర్గిని ఉంది. నాగచైతన్యగారికి పోర్షే ఉంది. రేపు నేనూ బాగా సంపాదించి ఒక స్పోర్ట్స్ కారు కొంటాననుకోండి. ఆదివారం షికారుకి కాదండోయ్, రోజూ ఇంటికీ ఆఫీసుకీ తిరగడానికి. వీటిల్లో ఏది కొనమంటారు?"

నవ్వకండి. కలలు కనడానికి టికెట్టు అక్కర్లేదు. కాని నాకు కారు లేదు. ఉన్నది పదకొండేళ్ళ స్కూటరు. దాన్ని కూడా నాలుగు తన్నులు తన్నితే గాని లేవదు. సినిమాల గురించి నాలుగు ముక్కలు రాసేవాడికి కార్ల సంగతి కూడా తెలుస్తుందని పాఠకులు ఎందుకనుకుంటారో నాకు బోధపడదు. తెరమీద కారు చూసి కారు సంగతి చెప్పమంటే, తెరమీద గుర్రాన్ని చూసి గుర్రానికి వైద్యం చెయ్యమన్నట్టే.

తెరమీద కారంటే గుర్తొచ్చింది. మన సినిమా మద్రాసులో ఉన్న రోజుల్లో హీరో హీరోయిన్లు కారులో పాట పాడుకుంటూ వెళుతుంటే, ఆ కారు స్టూడియో ఫ్లోరు దాటేది కాదు. వెనకాల తెరమీద రోడ్డు బొమ్మ పరుగెత్తేది. ఇద్దరు కుర్రాళ్ళు బంపరు పట్టుకుని కారుని ఊపేవారు. ఇప్పుడు వెనకాల ఆకుపచ్చ గుడ్డ కడుతున్నారు, అంతే తేడా. నిజంగా రోడ్డెక్కితే ఆ కారుని తక్కువ ఎత్తు బండి మీద ఎక్కించి లాగుతారు. హీరోగారు స్టీరింగు తిప్పుతారు, కారు మాత్రం ఆయన మాట వినదు. ఇక 2024లో వచ్చిన "కల్కి 2898 ఏ.డి."లో బుజ్జి సంగతి మీకు తెలుసు. మహీంద్రావాళ్ళూ, కోయంబత్తూరు జయెం వాళ్ళూ కలిసి నిజంగా నడిచే బండినే తయారు చేసి ఇచ్చారు. బరువు సుమారు 6 టన్నులు. దాన్ని నాగచైతన్యగారు నడిపి చూసి ఆశ్చర్యపోయారు. అదీ ఒక బండే. కాని అది రోజూ ఆఫీసుకి పనికొస్తుందా అని మనవాడు అడగలేదు, బతికించాడు!

సరే, తెలియని సంగతి తెలిసినవాణ్ణి అడగడం విలేఖరి ధర్మం. తెలిసినవాడు మా ఇంట్లోనే ఉన్నాడు. మా పెద్దమ్మ కొడుకు, మా అన్నయ్య. ఉండేది అప్పనపల్లి.

* * *

అప్పనపల్లి తెలియనివాళ్ళు కోనసీమలో ఉండరు. వైనతేయ ఒడ్డున ఊరు, మామిడికుదురు మండలం. బాల బాలాజీ స్వామి గుడి ఉంది. శనివారం వస్తే జనం ఇసక వేస్తే రాలరు. ఆ రోజు గుడి ముందు కాసేపు నిలబడితే మన ప్రాంతంలో ఎవరు ఏ బండి కొన్నారో తెలిసిపోతుంది. కొత్త ఆటో, కొత్త ట్రాక్టరు, గల్ఫ్ డబ్బుతో కొన్న కొత్త కారు - అన్నిటికీ పసుపు కుంకుమా బంతిపూల దండా, టైరు కింద నిమ్మకాయా. నేను చిన్నప్పుడు సెలవులకి వెళితే అన్నయ్యా నేనూ చేసే పని అదే. నిమ్మకాయ చితికే చప్పుడు విని, కళ్ళు మూసుకుని, వచ్చింది ఏ బండో చెప్పడం. పందెంలో ఎప్పుడూ వాడే గెలిచేవాడు.

ఆ అన్నయ్య తొమ్మిదేళ్ళు కువైట్‌లో ఇంటి డ్రైవరుగా పనిచేసి పోయిన ఏడాది వచ్చేశాడు. మన రాజోలు సీమ నుంచి కువైట్, మస్కట్ వెళ్ళినవాళ్ళని లెక్కపెట్టాలంటే ఇంటికో పేరు చెప్పాలి. వంటకి వెళ్ళినవాళ్ళు, పిల్లల్ని ఆడించడానికి వెళ్ళినవాళ్ళు, కారు తోలడానికి వెళ్ళినవాళ్ళు. మావాడి అదృష్టం ఏమిటంటే వాళ్ళ "బాబా"కి (యజమానిని అక్కడ మనవాళ్ళు అలాగే పిలుస్తారు) పెద్ద జీపుతో పాటు ఒక పోర్షే 911 కూడా ఉండేది. రోజూ పొద్దున్నే ఆ ఇంటి ఇద్దరు పిల్లల్ని అందులోనే బడికి దింపేవాడు. రోజూ అంటే రోజూ. అంటే మా అన్నయ్య, ఏ హీరోకీ లేని అనుభవం ఉన్న మనిషి. తొమ్మిదేళ్ళు స్పోర్ట్స్ కారుతో ఉల్లిపాయలు తెచ్చినవాడు.

జాబు పట్టుకుని వెళ్ళాను. రేవు దగ్గర కొబ్బరిచెట్టు కింద కూర్చుని చదివి వినిపించాను. వాడు నవ్వలేదు.

"కుర్రాడు తెలివైనోడేరా. 'రోజూ' అన్నాడు చూడు, అక్కడుంది కిటుకు" అన్నాడు.

తర్వాత వాడు గంటసేపు చెప్పింది నా మాటల్లో రాస్తున్నాను. వాడి మాటల్లో రాస్తే సగం అరబ్బీ ఉంటుంది.

ప్రభాస్‌గారు 2021లో తెప్పించుకున్నది అవెంటడార్ రోడ్‌స్టర్. ఇంజనులో 12 సిలిండర్లు, 6.5 లీటర్లు. బలం 740 గుర్రాలు. వెడల్పు, పక్క అద్దాలు వదిలేసినా, 2 మీటర్ల పైన. మొగల్తూరు వారిది కాబట్టి మనకు గోదావరి అవతలి వారే. కాని ఆ కారుని మన కాలవగట్టు రోడ్ల మీదికి తెస్తే ఎదురుగా కొబ్బరికాయల లారీ వచ్చిందనుకోండి, ఇద్దరిలో ఒకరు కాలవలోకి దిగాలి. లారీవాడు దిగడు. చైతన్యగారు 2024లో కొన్నది 911 జి.టి.3 ఆర్.ఎస్. అది రేసు మైదానం నుంచి నేరుగా నంబరు ప్లేటు తగిలించుకుని వచ్చిన రకం. నిమిషానికి 9,000 చుట్లు తిరుగుతుంది, 525 గుర్రాల బలం. వెనక సీట్లు పీకేశారు. మామూలు 911లో ముందు బానెట్ ఎత్తితే సామాన్ల పెట్టె ఉంటుంది, ఇందులో ఆ జాగాలో రేడియేటరు కూర్చుంది. కూరగాయల సంచి పెట్టడానికి చోటు లేదు. రేసు జట్టే ఉన్న మనిషి ఆయన, హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్ ఆయనదే. ఆయనకు తగిన కారు ఆయన కొనుక్కున్నారు. మనవాడికి అది తగదు.

"మరి తారక్‌గారిది?" అన్నాను. ఈ ప్రశ్నకి అభిమానులు ఎదురు చూస్తుంటారని నాకు తెలుసు.

"ఆయనొక్కడే 'రోజూ' అనేది గుర్తుపెట్టుకుని కొన్నాడురా" అన్నాడు.

2021లో తారక్‌గారు కొన్నది ఉరుస్. పేరుకి లాంబోర్గినియే గాని ఆకారం పొడుగు జీపు. 650 గుర్రాలు, గంటకి 300 దాటుతుంది. అయినా అందులో ఒక మీట నొక్కితే కారు గాలి స్ప్రింగుల మీద లేచి నిలబడుతుంది. పైకి లేపితే నేలకీ కారు పొట్టకీ మధ్య 248 మిల్లీమీటర్లు. అంటే జానెడు పైన. కూర్చోవడానికి ఒంగక్కర్లేదు, వెనక సీట్లో మనుషులు పడతారు. రసజ్ఞులు దాన్ని స్పోర్ట్స్ కారు కాదు పొమ్మంటారు. అనుకోనివ్వండి. ఆ కారుకి 9999 అనే నంబరు కోసం 17 లక్షలు కట్టారని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. నంబరుకే!

ఆ మాట అన్నప్పుడు అన్నయ్య ఏటివైపు చూశాడు. నాకప్పుడు అర్థం కాలేదు.

* * *

ఏమాట కామాటే చెప్పుకోవాలి, మావాడి మనసంతా ఆ 911 మీదే. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో మొదటిసారి కనపడిన కారు. అప్పట్నించీ ఎన్ని మార్పులు చేసినా ఇంజను మాత్రం వెనక బంపరు దగ్గరే. వెనక రెండు బుల్లి సీట్లు. పెద్దవాళ్ళు కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి గాని బడి పిల్లలకి చక్కగా సరిపోతాయి. ముందు అద్దంలోంచి రోడ్డు బాగా కనపడుతుంది. ఇప్పటి రకాల్లో విడిగా డబ్బు కడితే ముక్కుని 40 మిల్లీమీటర్లు పైకెత్తే ఏర్పాటు ఉంది. రోజూ నడపదగిన స్పోర్ట్స్ కారు ఏదని ప్రపంచంలో ఎక్కడ అడిగినా ముందు ఈ పేరే చెబుతారు. వేడి సంగతి అడిగాను. కువైట్‌లో మిత్రిబాలో 2016 జూలై 21న 53.9 డిగ్రీలు నమోదైంది. ఆ ఎండలో కూడా బండి మొరాయించలేదట. "నడుస్తుంటే గాలి తగులుతాది, ఏం కాదు. నిలబెట్టి ఏసీ వేస్తేనే ఏ బండైనా ఏడుస్తాది" అన్నాడు.

"బాబా చివర్లో ఆ బండి నువ్వే తీసుకుపోరా అన్నాడు. నవ్వుతూ అన్నాడో నిజంగా అన్నాడో" అని ఆగాడు.

నిజంగానే అన్నా తేలేడు. అక్కడ స్టీరింగు ఎడమవైపు. మన దేశంలోకి పాత కారు తేవాలంటే కుడి స్టీరింగు ఉండాలి, మూడేళ్ళకి మించిన వయసు ఉండకూడదు, బొంబాయి రేవులోనే దింపాలి. ఆపైన సుంకం కారు ధరని మించిపోతుంది.

అప్పుడు బయటపెట్టాడు అసలు సంగతి. రాజమండ్రిలో ఒక కంట్రాక్టరుగారి దగ్గర ఒక పాత జర్మనీ స్పోర్ట్స్ కారు అమ్మకానికి ఉంది. ఏ కంపెనీదో చెప్పను. ఎందుకంటే ఆ కంట్రాక్టరుగారు నాకూ తెలిసినవారే, ఈ పత్రిక చదువుతారు. రెండే సీట్లు, ఇంజను సీట్ల వెనకాల. ధర 18 లక్షలు. మా అన్నయ్య తొమ్మిదేళ్ళ సంపాదనలో చెల్లెలి పెళ్ళీ ఇంటి శ్లాబూ పోను మిగిలిందీ అంతే. అటూ ఇటూగా 18 లక్షలు.

వదినకి చెప్పాడట. ఆవిడ ఏమీ అనలేదట. ఏమీ అనకపోవడం ఎంత పెద్ద మాటో పెళ్ళయినవాళ్ళకి తెలుస్తుంది.

"పెళ్ళిళ్ళకి ఫొటోలు తీసుకునేవాళ్ళకి అద్దెకిస్తానురా. పెళ్ళికి ముందే షూటింగులు చేసుకుంటున్నారు కదా. మన ఏటిగట్టు మీద ఆ కారుంటే రోజుకి ఎంతిస్తారో చూడు" అన్నాడు.

నేను విలేఖరి బుద్ధి పోనిచ్చుకోలేక, తెల్ల బోర్డు బండి అద్దెకి తిప్పకూడదని, దానికి పసుపు బోర్డూ పర్మిటూ కావాలని చెప్పాను. వాడి మొహం మాడిపోయింది. చెప్పకుండా ఉండాల్సింది కాబోలు.

"మొన్న వాళ్ళబ్బాయితో మాట్లాడాను. శనివారం బండి ఇస్తాడు. స్వామి దగ్గరికి తెచ్చి, ఇంట్లోవాళ్ళకి చూపించి, ఆదివారం తిరిగి ఇచ్చెయ్యాలి. నువ్వు రా" అన్నాడు.

* * *

శనివారం తెల్లవారకుండానే రాజమండ్రిలో బయల్దేరాం. వెనక ఎక్కడానికి సీటు లేదు కాబట్టి కంట్రాక్టరుగారబ్బాయి తన బండిలో వెనక వచ్చాడు. రావులపాలెం దాకా నాలుగు వరసల రోడ్డు. అక్కడ మా అన్నయ్యని మీరు చూడాలి. స్టీరింగుని గట్టిగా పట్టుకోలేదు. పాత స్నేహితుడి భుజం మీద చెయ్యి వేసినట్టు వేశాడు. అలాంటి రోడ్ల మీద కార్లకి 2018లో పెట్టిన హద్దు గంటకి 100 కిలోమీటర్లు. ఈ కారు రెండో గేరులోనే ఆ హద్దు దాటగలదు. మిగిలిన గేర్లు దేనికీ అని అడిగాను. "ఊరికే, దర్జాకి" అన్నాడు.

రావులపాలెంలో కోనసీమ వైపు తిరిగాం. అంతే, సినిమా మారిపోయింది.

కొత్తపేట మీదుగా పి.గన్నవరం, అక్కణ్ణించి వైనతేయ దాటి మామిడికుదురు. ఆ దారిలో స్పీడు బ్రేకర్లు ముప్ఫై దాకా లెక్కపెట్టి మానేశాను. ఇక్కడ ఒక చిన్న లెక్క చెబుతాను, విసుక్కోకండి. నాకు ఒక రోడ్ల ఇంజనీరు మిత్రుడు చెప్పాడు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో పెట్టిన కొలత ప్రకారం స్పీడు బ్రేకరు 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి, దాటే దిశలో 3.7 మీటర్ల పొడుగుండాలి, 17 మీటర్ల వ్యాసార్ధంతో గుండ్రంగా ఉండాలి. గంటకి 25 కిలోమీటర్ల వేగంతో దాటడానికి ఆ కొలత. మా కారు ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 2.4 మీటర్లు. శాస్త్రప్రకారం కట్టిన బ్రేకరు మీద కారు నిలబడితే, రెండు చక్రాల మధ్య బ్రేకరు పైకి లేచేది 4 సెంటీమీటర్లకి కాస్త పైన. కారు పొట్టకీ నేలకీ మధ్య సుమారు 12 సెంటీమీటర్లు ఉంటాయి. హాయిగా దాటుతుంది. అంటే బ్రేకరు కొలత ప్రకారం ఉంటే స్పోర్ట్స్ కారుకీ దానికీ పగలేదు.

కాని మన ఊళ్ళలో బ్రేకరు ఎలా పుడుతుంది? ఒక కోడిపిల్ల చచ్చిపోతుంది. సాయంత్రం నలుగురు కూర్చుంటారు. మర్నాటికి ఇంటి కోసం తెచ్చిన సిమెంటులో మిగిలిన బస్తాతో రెండడుగుల వెడల్పున గోడలాంటిది లేస్తుంది. అది చక్రాల మధ్య పూర్తిగా ఎత్తున నిలబడుతుంది. 4 సెంటీమీటర్లు కాదు, ఉన్న ఎత్తంతా పొట్టకే. ఒక్కోటి 12 కాదు, 15 ఉంటుంది.

అన్నయ్య ప్రతి బ్రేకరుకీ కారుని ఏటవాలుగా తిప్పి ఒక్కో చక్రాన్ని ఒక్కోసారి ఎక్కించాడు. అలా చెయ్యాలంటే రోడ్డు మొత్తం కావాలి. వెనక ఆటోలవాళ్ళు హారన్లు. ఒక ముసలాయన సైకిలు దిగి, "ఏమయ్యిందండీ బండికి, కాలు విరిగిందా?" అని అడిగాడు. అయినా రెండుచోట్ల గర్రుమంది. ఆ చప్పుడు వచ్చినప్పుడల్లా వెనక బండిలో వస్తున్న కుర్రాడు తల పట్టుకున్నాడు. నా పళ్ళు జివ్వుమన్నాయి. ఒకచోట సగం రోడ్డున ధాన్యం ఆరబోశారు. మామూలు కారయితే రెండు చక్రాలు అంచు దింపి పోతుంది. మేము దింపలేం. రైతుని బతిమాలి, ఆయన పారతో పక్కకి లాగాక వెళ్ళాం.

టైర్ల సంగతి కూడా ఇక్కడే చెబుతాను. మా కారుకి పంక్చరయితే మార్చుకునే చక్రం లేదు. ఒక డబ్బాలో జిగురుమందూ, గాలి కొట్టే చిన్న మిషనూ ఉన్నాయి. చాలా స్పోర్ట్స్ కార్లు ఇంతే. టైరు పక్కగోడ చిన్నది, గోతిలో పడితే దెబ్బ చక్రానికే. వెడల్పాటి టైరు పొడి రోడ్డు మీద బంకలా అంటుకుంటుంది, నిలవనీటి మీద వేగంగా వెళితే మాత్రం పడవలా తేలుతుంది. కోనసీమలో వాన ఎన్ని నెలలో మీకు చెప్పాలా? 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల్లో కార్ల సంగతి దేవుడెరుగు, పడవలే గతి అయ్యాయి. అప్పనపల్లి కాజ్‌వే మీదికి వరద నీరు రావడం మా వాళ్ళకి పెద్ద వార్త కాదు. పెట్రోలు సంగతి సరేసరి. ఇలాంటి ఇంజన్లకి 98 ఆక్టేన్ తాగించమని పుస్తకంలో రాసి ఉంటుంది. మన బంకుల్లో ఇటీవలి దాకా మామూలుగా దొరికింది 91, కాస్త ఖరీదైనది 95. ఇండియన్ ఆయిల్ వారు 100 ఆక్టేన్ పెట్రోలు 2020 డిసెంబరులో తెచ్చారు గాని అది కొన్ని నగరాల కోసం.

* * *

అప్పనపల్లిలో మేము దిగేటప్పటికి ఊరంతా తెలిసిపోయింది. గుడి ముందు కుర్రాళ్ళు మూగారు. ఫొటోలే ఫొటోలు. "ఏటండీ, షూటింగా? హీరో ఎవరండీ?" అని నన్నొకాయన అడిగాడు. నేను మా అన్నయ్యని చూపించాను. ఆయన నమ్మలేదు. దండ వేశారు, కొబ్బరికాయ కొట్టారు. టైరు కింద నిమ్మకాయ పెట్టినప్పుడు అన్నయ్య నా వంక చూసి కళ్ళు మూసుకున్నాడు. నేనూ మూసుకున్నాను. పగిలిన చప్పుడు వేరేగా ఉంది. వెడల్పు టైరు కదా.

తర్వాత ఇంటికి వెళ్ళాం. పెద్దమ్మ కొత్తచీర కట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంది. డెబ్భై దాటింది, మోకాళ్ళ నొప్పులు. కొడుకు కారులో స్వామి దగ్గరికి వెళ్ళాలని పొద్దుటినుంచీ కాఫీ కూడా ముట్టలేదు. ఆ కారు సీటు ఎంత ఎత్తు ఉందంటే, మన ఇళ్ళల్లో భోజనాల పీటకి ఒక జానెడు పైన. ఒక చెయ్యి తలుపు మీదా ఒక చెయ్యి నా భుజం మీదా వేసి ఆవిడ ఎలాగో దిగబడింది. ముఖం వెలిగిపోయింది. గుడి దాకా రెండు నిమిషాలు. అక్కడ దిగాలి.

దిగలేకపోయింది.

అన్నయ్య ఒకవైపు, నేను ఒకవైపు పట్టుకున్నాం. తల తగలకుండా గుడి దగ్గర పూలమ్మే ఆవిడ చెయ్యి అడ్డుపెట్టింది. ఇద్దరు కుర్రాళ్ళు ఇంకా ఫోనులో తీస్తూనే ఉన్నారు. ఒకణ్ణి నేను కసురుకున్నాను. పెద్దమ్మ మాత్రం నవ్వింది. "కూచోడం సుఖంగానే ఉంది నాయనా. లేవడం మాటే నాకు చెప్పలేదు మీరు" అంది. తిరిగి వెళ్ళేటప్పుడు ఆటో ఎక్కింది.

నేను అసలు చూసింది అది కాదు. అన్నయ్య కూతురు రెండో తరగతి చదువుతోంది. పొద్దుటినుంచీ కారు చుట్టూ తిరుగుతోంది. వాళ్ళమ్మ ఒళ్ళో కూర్చుని వస్తానంది. అలా కూర్చోబెట్టకూడదని అన్నయ్యే అన్నాడు. ఆ క్రమశిక్షణ కువైట్‌లో నేర్చుకున్నదే. "మరి నా సీటేది నాన్నా?" అంది. వాడు వెనక్కి తిరిగి చూశాడు. అక్కడ అద్దం వెనక ఇంజను మూత తప్ప ఏమీ లేదు.

తొమ్మిదేళ్ళు ఎవరి పిల్లల్నో వెనక సీట్లో కూర్చోబెట్టి బడికి దింపినవాడు వాడు.

ఆ సాయంత్రం వదిన నాకు కాఫీ ఇస్తూ, "మరిదిగారూ, నేనేం వద్దనలేదండీ. ఆయన అక్కడ ఒక్కడే పడ్డాడు, ఆయన డబ్బు. కాని మీరు చూశారుగా" అంది. నేను చూశాను అన్నాను. ఆ కాఫీలో పంచదార వెయ్యడం మర్చిపోయింది. నేనూ అడగలేదు.

* * *

ఆదివారం పొద్దున్న తిరిగి రాజమండ్రి. ఈసారి బ్రేకర్ల దగ్గర అన్నయ్య ఏమీ మాట్లాడలేదు. రావులపాలెం దాటి పెద్దరోడ్డు ఎక్కాక జొన్నాడ వంతెన మీద గౌతమి బాగా నిండుగా ఉంది. "ఒరేయ్ తమ్ముడూ, చెవి పెట్టి విను" అన్నాడు. గేరు తగ్గించి కాలు నొక్కాడు. వీపు వెనకాల ఇంజను చేసిన శబ్దం నేను రాయలేను. వంద దగ్గర కాలు తీశాడు. వంద దాటలేదు. మూడు నాలుగు క్షణాల మాట. తాళంచెవి కంట్రాక్టరుగారి చేతికిస్తూ, "బండి బంగారమండి. నాకే కుదరదు" అన్నాడు. పొట్ట కింద గీతలకి ఎంతవుతుందని అడిగాడు. కంట్రాక్టరుగారు పెద్దమనిషి, నవ్వి ఊరుకున్నారు.

దారిలో బస్సులో మనవాడి జాబుకి జవాబు చెప్పమన్నాను. చెప్పాడు. కోట్లు ఉండి హైదరాబాదులో ఉంటే ఉరుస్ లాంటి పొడుగుపాటి బండి. స్పోర్ట్స్ కారే కావాలని పట్టుబడితే మామూలు 911, వెనక సీట్లున్నదీ ముక్కు పైకి లేచేదీ. ఆర్.ఎస్. అని తోక ఉన్నవాటి జోలికి పోవద్దన్నాడు. ఉద్యోగం డబ్బులతో కొనేట్టయితే 2022లో వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జి.టి. లాంటిది చూసుకోమన్నాడు. 150 గుర్రాలు, నేలకి 179 మిల్లీమీటర్ల ఎత్తు, నలుగురూ పడతారు, చక్రం మార్చుకోవచ్చు. ఇంకా తక్కువలో 2021లో హ్యుందాయ్ తెచ్చిన ఐ20 ఎన్ లైన్, 120 గుర్రాలు. "మన రోడ్డు మీద హద్దు 70. నూటయాభై గుర్రాల్ని పూర్తిగా పరుగెత్తించినవాడికి ఒక మజా ఉంటాది. ఏడొందల గుర్రాలకి కళ్ళెం వేసుక్కూచున్నోడికి అది ఉండదు" అన్నాడు. ఈ మాటకి నేను వాడితో పూర్తిగా ఏకీభవించను. వంతెన మీద వాడి ముఖం నేను చూశాను కదా. అయినా డ్రైవరు వాడు, నేను కాదు.

ఇంకొకటి కూడా రాయమన్నాడు. కొనే ముందు కారుని షోరూము రోడ్డు మీద కాకుండా మన ఇంటి సందులోకి తెమ్మని అడగాలట. ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళని ఎక్కించి దించాలట. అమ్మేవాడు ఒప్పుకోకపోతే మనం కూడా ఒప్పుకోకూడదట.

పోయిన శనివారం ఫోను చేశాడు. ఏడు సీట్ల బండి బుక్ చేశాడు, పసుపు బోర్డుతో. మామిడికుదురు, నగరం, తాటిపాక నుంచి గుడికొచ్చే వాళ్ళకీ, రాజమండ్రి విమానాశ్రయానికీ తిప్పుతాడట. వచ్చే నెల మొదటి శనివారం నిమ్మకాయ కొట్టడానికి నన్ను రమ్మన్నాడు. కూతురు తన సీటు ఏదో ఇప్పట్నించే చెబుతోందట, వెనక వరసలో కిటికీ పక్కది. వెళ్ళి చూడాలి.

ఆ తర్వాత కంట్రాక్టరుగారి నుంచి కూడా ఫోను వచ్చింది. "మా కారు గురించి మీ పత్రికలో ఒక ముక్క వేస్తారా, ఎవరైనా కొనేవాళ్ళుంటారేమో" అన్నారు. వేశానండీ. పేరు మాత్రం వెయ్యలేదు.